మిరపలో గంధకం: బూడిద తెగులుకా, నల్లికా, రెండింటికీనా?

పల్నాడు మిరప

సభ్యులందరికీ నమస్కారం. నల్లరేగడి నేలలో మిరప వేశాను. తొలి కోత పూర్తయింది, రెండో కోతకు కాయ ఎరుపెక్కుతోంది. ఈ మధ్య ముదురు ఆకుల పైభాగాన పసుపు మచ్చలు కనిపిస్తున్నాయి. ఆకును తిరగేసి చూస్తే అదే చోట తెల్లటి బూడిద ఉంటోంది, ఆ ఆకులు కొద్ది రోజుల్లోనే రాలిపోతున్నాయి. గట్టు వెంబడి ఉన్న కొన్ని మొక్కల్లో చిగురాకులు కిందికి ముడుచుకొని కాడలు సాగినట్టు కనిపిస్తున్నాయి. మందుల దుకాణంలో అడిగితే 80 శాతం గంధకం పొడి, ఒక వేపనూనె సీసా ఇచ్చి, రెండూ ఒకే ట్యాంకులో కలిపి కొడితే బూడిద, నల్లి, తామర పురుగు మూడూ పోతాయని చెప్పారు. తెగులుకు వాడే మందు పురుగుకు ఎలా పనిచేస్తుందో నాకు అర్థం కాలేదు. పొట్లాలు ఇంకా విప్పలేదు, పిచికారీకి ముందే మీ సలహా కోరుతున్నాను.

విశ్రాంత వ్యవసాయాధికారి

అన్నిటికంటే ముందు ఆ రెండింటినీ కలపవద్దు. కారణం తరువాత వివరిస్తాను.

మీరు రాసిన లక్షణాలను బట్టి పొలంలో రెండు వేర్వేరు సమస్యలు ఉన్నాయి. పైన పసుపు మచ్చ, కింద బూడిద, ఆపై ఆకు రాలడం అనేది బూడిద తెగులు. చిగురాకులు తిరగేసిన పడవలా అంచులు కిందికి వంగి, కాడ సాగితే అది తెల్లనల్లి పని. మన రైతులు దీన్ని కింద ముడత అంటారు. అంచులు పైకి ముడుచుకుంటే అది తామర పురుగుల వల్ల వచ్చే పై ముడత. గంధకం మొదటి రెండింటి మీద పనిచేస్తుంది, మూడో దాని మీద దాన్ని నమ్ముకోలేము. కాబట్టి దుకాణదారు చెప్పిన మాటలో మూడింట రెండు వంతులు నిజం ఉంది.

ఒకే మందు శిలీంధ్రాన్నీ నల్లినీ ఎలా చంపుతుందన్న మీ సందేహం సహేతుకమైనదే. ఆకు మీద పడిన గంధకం ఎండ వేడికి కొద్దికొద్దిగా ఆవిరవుతుంది. ఆ ఆవిరి, ఆ సన్నని రేణువులు శిలీంధ్ర కణంలోకి చేరి దాని శ్వాసక్రియను అడ్డుకుంటాయి. ఒక్క చోట కాక అనేక చోట్ల దెబ్బ కొడుతుంది కనుక శిలీంధ్రం దానికి అలవాటు పడటం చాలా కష్టం. నల్లి మెత్తటి శరీరం గల అతి చిన్న జీవి, ఆకు అడుగునే బతుకుతుంది కాబట్టి ఆవిరి దానికీ తగులుతుంది. అయితే గుడ్ల మీద గంధకం ప్రభావం తక్కువ. అందుకే ఒక్కసారి కొట్టి వదిలేస్తే గుడ్ల నుంచి వచ్చిన నల్లి మళ్లీ కనిపిస్తుంది, రైతు మందు పనిచేయలేదని అనుకుంటాడు.

మోతాదు లీటరు నీటికి 3 గ్రాములు. ఎదిగిన మిరపకు ఎకరానికి 200 లీటర్ల ద్రావణం పట్టినా 600 గ్రాములే అవుతుంది. 20 లీటర్ల ట్యాంకుకు 60 గ్రాములు తూకం వేసి పోయండి. చాలామంది గుప్పెడు లెక్కన పోస్తారు, ఆకు మాడటానికి సగం కారణం ఆ గుప్పెడే.

మందుల కొట్టు, ఖమ్మం

నేను ఈ వ్యాపారంలోనే ఉన్నాను, కాబట్టి దుకాణాల తరఫున ఒక మాట. రైతు వచ్చి "అన్నిటికీ కలిపి ఒకటి ఇవ్వు" అంటాడు. కూలీ ఖర్చు పెరిగిన ఈ రోజుల్లో ఒకే పిచికారీలో నాలుగు మందులు కలపాలని అతనే ఒత్తిడి చేస్తాడు. కాదంటే పక్క కొట్టుకు వెళ్తాడు. అయినా గంధకంతో నూనె ఇవ్వడం తప్పేనని ఒప్పుకుంటాను.

నా అభిప్రాయంలో గంధకం కాలం చెల్లిన మందు. చౌక కనుక రైతులు అడుగుతారు, మాకు పెద్దగా మిగిలేదేమీ ఉండదు. బూడిద తెగులుకు ఇప్పుడు మొక్క లోపలికి చేరి పనిచేసే అంతర్వాహిక మందులు ఎన్నో ఉన్నాయి, ఒక్క పిచికారీతో తేడా కనిపిస్తుంది.

తెగుళ్ల విద్యార్థిని, బాపట్ల

ఖమ్మం సోదరుల మాటతో సగమే ఏకీభవిస్తాను. మిరపలో బూడిద తెగులు కలిగించే శిలీంధ్రం పేరు లెవీల్యులా టారికా. తీగజాతి కూరగాయల మీదా మామిడి పూత మీదా వచ్చే బూడిద శిలీంధ్రాలు ఎక్కువగా ఆకు ఉపరితలం మీదే అల్లుకుంటాయి. ఇది అలా కాదు. ఆకు లోపలి కణజాలంలోకి చొచ్చుకుపోయి అక్కడే పెరుగుతుంది, చాలా రోజులు బయటికి ఏ లక్షణమూ చూపదు, ఆ తరువాత ఆకు అడుగున ఉన్న పత్రరంధ్రాల గుండా బీజాలను బయటికి పంపుతుంది. మనకు కనిపించే తెల్లటి పొడి అదే. అంటే బూడిద కంటబడేసరికి శిలీంధ్రం ఆకు లోపల స్థిరపడిపోయి ఉంటుంది. గంధకం ఆకు లోపలికి వెళ్లదు. పైన పడిన బీజాలు మొలకెత్తకుండా ఆపడమే దాని పని.

కనుక ఇప్పటికే మచ్చలు వచ్చిన ఆకుల విషయంలో గంధకం నుంచి ఎక్కువ ఆశించకూడదు. హెక్సాకొనజోల్, మైక్లోబుటానిల్, అజాక్సీస్ట్రోబిన్ వంటి వాటిలో ఒకదాన్ని లేబుల్ మీద ఉన్న మోతాదులో వాడటమే సరైనది. అయితే ఇవి ఒక్కొక్కటీ శిలీంధ్రంలో ఒక్క చోట మాత్రమే పనిచేసేవి, వరుసగా అదే వాడితే శిలీంధ్రం తట్టుకునే శక్తి తెచ్చుకుంటుంది. వాటి మధ్యలో, అంతకంటే ముఖ్యంగా తెగులు రాకముందు, గంధకం వాడితే ఆ ఖరీదైన మందులే మరికొన్నేళ్లు పనిచేస్తాయి. అందువల్ల కాలం చెల్లిందన్న మాటను నేను అంగీకరించలేను. తొలి కోతకు ముందు, రాత్రుళ్లు చల్లబడి మంచు పడటం మొదలైనప్పుడు కొట్టవలసిన మందును రెండో కోతకు కొట్టి పనిచేయలేదనడం న్యాయం కాదు.

నూజివీడు తోట

మామిడిలో మా అనుభవం ఆమె చెప్పినదానికి దగ్గరగా ఉంది. పూత మొగ్గ విచ్చుకోకముందు లీటరుకు 3 గ్రాముల గంధకం కొట్టిన చెట్లలో బూడిద తక్కువ. పూత తెల్లబడ్డాక ఎంత కొట్టినా పూత రాలకుండా ఆగలేదు. ఆ దశలో మేము కారథేన్ వాడేవాళ్లం, ఇప్పుడు అది దొరకడం లేదు.

విశ్రాంత వ్యవసాయాధికారి

నూజివీడు వారు మంచి విషయం గుర్తుచేశారు. కారథేన్ అనే పేరుతో అమ్మినది డైనోక్యాప్. అదీ గంధకం లాగానే బూడిద తెగులు మీద పనిచేస్తూ నల్లినీ కొంత అదుపు చేసేది. మిరపలో నల్లికి మనం దశాబ్దాలుగా సిఫారసు చేసిన మందు డైకోఫాల్. ఈ రెండింటినీ మిథోమిల్ అనే పురుగుమందుతో పాటు కేంద్ర ప్రభుత్వం 2023లో నిషేధించింది. డైకోఫాల్‌ను అంతకుముందే, 2019లో, దీర్ఘకాలం నిలిచి ఉండే విష రసాయనాలపై కుదిరిన అంతర్జాతీయ స్టాక్‌హోమ్ ఒప్పందం కింద నిర్మూలించవలసిన రసాయనాల జాబితాలో చేర్చారు. పాత సిఫారసు పుస్తకాల్లో "డైకోఫాల్ 5 మి.లీ. లేదా నీటిలో కరిగే గంధకం 3 గ్రా." అని జంటగా ఉండేది. ఇప్పుడు ఆ వాక్యంలో మిగిలింది గంధకమే. పాత కరపత్రాలు ఇంటర్నెట్‌లో ఇంకా తిరుగుతున్నాయి, వాటిని చూసి డైకోఫాల్ కోసం వెతకవద్దు. ఎవరైనా పాత నిల్వ అంటగట్టబోయినా తీసుకోవద్దు.

పల్నాడు మిరప

వివరాలకు ధన్యవాదాలు. ఆకులను భూతద్దంతో చూశాను. కిందికి ముడుచుకున్న చిగుళ్ల అడుగున అతి సన్నని, దాదాపు పారదర్శకమైన చుక్కలు కదులుతున్నాయి. పూలు విప్పి చూస్తే మాత్రం నల్లటి సన్నని పురుగులు ఉన్నాయి. వీటికీ గంధకం చాలదా? వేపనూనె ఎందుకు కలపకూడదో కూడా చెప్పండి.

తెగుళ్ల విద్యార్థిని, బాపట్ల

పూలలో ఉన్నవి నల్ల తామర పురుగులు, శాస్త్రీయ నామం త్రిప్స్ పార్విస్పైనస్. 2021-22లో గుంటూరు, ఖమ్మం, వరంగల్ ప్రాంతాల్లో మిరప పూతను తుడిచిపెట్టినది ఇదే. ఇది పువ్వు లోపల దాక్కుంటుంది కనుక గంధకం దీన్ని అదుపు చేయదు. నీలిరంగు జిగురు అట్టలు పెట్టి ఉధృతిని గమనించండి. పూతలో పురుగుల సంఖ్య పెరుగుతుంటే కృషి విజ్ఞాన కేంద్రం సూచించిన మందును విడిగా ఎంచుకోండి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. తామర పురుగు భయంతో సింథటిక్ పైరిత్రాయిడ్ రకం పురుగుమందులను పదేపదే కొడితే నల్లిని తినే మిత్రజీవులు చనిపోయి, నల్లి విజృంభిస్తుంది. మీ గట్టు వెంబడి నల్లి ఉన్న మొక్కలకు అలాంటి మందు ఏదైనా పడిందేమో గుర్తుచేసుకోండి.

నూనె విషయానికి వస్తే, పేరుకు "నీటిలో కరిగే గంధకం" అన్నా గంధకం నీటిలో కరగదు, నూనెలో కొంత కరుగుతుంది. నూనె ఆకు మీది మైనపు పొరను దాటి లోపలికి వెళ్తూ గంధకాన్ని కూడా తనతో తీసుకుపోతుంది. అలా లోపలికి చేరిన గంధకం ఆకునే కాలుస్తుంది. రెండింటి మధ్య కనీసం రెండు వారాల ఎడం ఉంచాలి. ముందు నూనె కొట్టి తరువాత గంధకం కొట్టినా, ముందు గంధకం కొట్టి తరువాత నూనె కొట్టినా ఇదే నియమం. నూనెలాంటి ద్రావకం ఎక్కువగా ఉండే ఈ.సీ. మందులతో కలిపేటప్పుడు కూడా ఇదే అనుమానంతో చూడటం మంచిది.

కోనసీమ కొబ్బరి

మిరప చర్చలోకి కొబ్బరిని తెస్తున్నందుకు మన్నించండి, కానీ నల్లి మీద గంధకం గురించి మాకూ కొంత తెలుసు. ఇరియోఫిడ్ నల్లి 1998లో కేరళలో బయటపడి, తరువాత మా వైపుకూ వచ్చింది. కాయ తొడిమ కింద ముచ్చిక దగ్గర చేరి రసం పీలుస్తుంది, కాయ మీద గోధుమరంగు చారలు పడతాయి, కాయ చిన్నదవుతుంది. లీటరుకు 4 గ్రాముల గంధకం గెలల మీద కొట్టమన్నారు. ఫలితం ఉంది, కానీ నల్లి తొడిమ రేకుల కింద ఉంటే మందు చేరదు, పైగా ప్రతిసారీ చెట్టెక్కే మనిషి కావాలి. ఇప్పుడు వేప సంబంధిత మందులను వేరు ద్వారా ఎక్కించడం మీదనే మాలో చాలామంది ఆధారపడుతున్నారు. మందు మంచిదైనా నల్లి ఉన్న చోటికి చేరకపోతే ప్రయోజనం లేదు, మిరపలో కూడా ఆకు అడుగు తడిసేలా కొట్టవలసిందే.

సేంద్రియ సాగు, జహీరాబాద్

గంధకం ఖనిజం, భూమి నుంచి వచ్చేది. సేంద్రియ సాగులో కూడా అనుమతి ఉంది. ఇన్ని భయాలు ఎందుకు పెడుతున్నారు?

విశ్రాంత వ్యవసాయాధికారి

సేంద్రియ సాగు ప్రమాణాలు గంధకాన్ని షరతులతో అనుమతిస్తాయన్నది వాస్తవం. కానీ అనుమతికీ అపాయం లేకపోవడానికీ సంబంధం లేదు. ఈనాడు మార్కెట్లో ఉన్న గంధకంలో అధిక భాగం చమురు, సహజ వాయువు శుద్ధి కర్మాగారాల్లో ఇంధనం నుంచి వేరుచేసినదే, గనుల నుంచి తవ్వినది తక్కువ. అదేమీ దాని గుణాన్ని మార్చదు కానీ, ఖనిజం కాబట్టి ఏమీ కాదనే వాదనకు బలం లేదు. గంధకం పురుగుల గుడ్లలో పెరిగి వాటిని చంపే ట్రైకోగ్రామా వంటి గుడ్డు పరాన్నజీవులకూ, నల్లిని తినే మంచి నల్లికీ హాని చేస్తుంది. మీ పొలంలో ఆ పరాన్నజీవులుండే ట్రైకోకార్డులు కట్టి, అదే వారంలో గంధకం కొడితే కార్డుల ఖర్చు వృథా.

సేంద్రియ సాగు, జహీరాబాద్

ఆ సంగతి నాకు తెలియదు. మా గుంపులో అందరికీ చెబుతాను. మా తాతల కాలంలో జొన్న విత్తనానికి గంధకం పొడి పట్టించి విత్తేవారు, కాటుక తెగులుకు అదే మందు. కిలో విత్తనానికి 4 గ్రాములని ఒక పాత కరపత్రంలో చదివాను.

ఫ్రెస్నో నుంచి

నేను కాలిఫోర్నియాలో ద్రాక్ష తోటల పర్యవేక్షణలో పనిచేస్తున్నాను, మా సొంత ఊరు ఒంగోలు దగ్గర. ఇక్కడ ఏటా వాడే పురుగుమందులన్నిటిలో బరువు లెక్కన మొదటి స్థానం గంధకానిదే. కాబట్టి పాత మందు అనే కారణంతో ఎవరూ దాన్ని పక్కన పెట్టలేదు. ద్రాక్షకూ గంధకానికీ అనుబంధం చాలా పాతది. 1845లో ఇంగ్లండులోని మార్గేట్‌లో ఒక గాజు గృహంలో ద్రాక్ష మీద బూడిద తెగులును తొలిసారి గుర్తించారు, కొన్నేళ్లలోనే అది ఫ్రాన్సుకు పాకి తోటలను దెబ్బతీసింది. 1850లలో గంధకం చల్లడం నేర్చుకున్నాకనే అక్కడి ద్రాక్ష సాగు కోలుకుంది. మైలుతుత్తం, సున్నం కలిపి చేసే బోర్డో మిశ్రమం పేరు అందరికీ తెలుసు, కానీ అది 1880లలో వచ్చినది. అప్పటికి గంధకం ద్రాక్ష తోటల్లో స్థిరపడి ముప్పై ఏళ్లయింది.

ఇక్కడ మేము కచ్చితంగా పాటించేది ఉష్ణోగ్రత నియమం. 20 నుంచి 30 డిగ్రీల మధ్య గంధకం చక్కగా పనిచేస్తుంది. మరీ చలిగా ఉంటే ఆవిరవడమే నెమ్మదిస్తుంది కనుక ఫలితం తగ్గుతుంది. 32 దాటితే జాగ్రత్త పడతాము, 35 దాటుతుందని వాతావరణ సూచన ఉంటే కొట్టము. కొట్టిన రోజు చల్లగా ఉండటం ఒక్కటే చాలదు, తరువాతి రెండు మూడు రోజులు కూడా చూడాలి.

కూలీల విషయంలో ఒక మాట. గంధకం మింగితే కలిగే విషప్రభావం తక్కువే కానీ, కళ్లను చాలా మండిస్తుంది, చెమట పట్టిన చర్మం మీద దద్దుర్లు తెస్తుంది. కళ్లద్దాలు, ముక్కుకు మాస్కు లేకుండా పొడి కలపనివ్వకండి. పొడి గాలిలో కమ్ముకొని ఉన్నప్పుడు నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది కూడా. సంచి పక్కన బీడీ వెలిగించడం ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు.

దివిసీమ మినుము

వరి కోశాక వేసిన మినుములో బూడిద తెగులుకు మేమూ గంధకమే కొడతాము. డిసెంబరు, జనవరి మంచు రోజుల్లో మాకు ఎండ భయం లేదు. అయితే మా పక్క రైతు దోస పాదులకు అదే ద్రావణం కొట్టి ఆకులన్నీ మాడ్చుకున్నాడు. మధ్యాహ్నం కొట్టడం వల్ల అలా అయిందా?

తెగుళ్ల విద్యార్థిని, బాపట్ల

మధ్యాహ్నపు ఎండ ఒక కారణం కావచ్చు. కానీ దోస, గుమ్మడి, పుచ్చ వంటి తీగజాతుల్లో చాలా రకాలు గంధకాన్ని సహజంగానే తట్టుకోలేవు. వాటిలో బూడిద తెగులు ఎంత ఎక్కువైనా గంధకం జోలికి పోకపోవడమే క్షేమం. తప్పదనుకుంటే రెండు మూడు మొక్కల మీద కొట్టి, కొద్ది రోజులు చూసి నిర్ణయించుకోవాలి. మీ మినుము విషయంలో ఎల్.బి.జి. 17 వంటి బూడిద తెగులును తట్టుకునే రకాలు గుంటూరు దగ్గరి లాం పరిశోధన స్థానం నుంచి వచ్చాయి. రకం ఎంపికతోనే ఒక పిచికారీ మిగిలే అవకాశం ఉంది.

మందుల కొట్టు, ఖమ్మం

చర్చ చదివాక కాలం చెల్లినదన్న మాటను వెనక్కి తీసుకోకపోయినా కొంత సవరించుకుంటాను. టెబుకొనజోల్ అనే అంతర్వాహిక మందు 10 శాతం, గంధకం 65 శాతం కలిపిన తయారీ మందు మా దగ్గర మిరపకు బాగానే అమ్ముడవుతోంది. పాతదాన్ని కొత్తదానితో జతచేసి కంపెనీలే అమ్ముతున్నప్పుడు నేను కాదనడం ఏమిటి! మరొక హెచ్చరిక. 90 శాతం బెంటోనైట్ గంధకం అని గుళికలు వస్తాయి. అవి నేలలో వేసే ఎరువు. నేలలోని సూక్ష్మజీవులు దాన్ని సల్ఫేటుగా మార్చాకే మొక్క తీసుకుంటుంది. వాటిని నానబెట్టి వడకట్టి పిచికారీ చేయబోయి నాజిళ్లు పాడుచేసుకున్న రైతులను చూశాను. శాతం ఎక్కువ ఉంది కదా అని అదే మేలైనదనుకోవడం పొరపాటు. పిచికారీకి 80 శాతం డబ్ల్యూ.పీ. (నీటిలో కలిపే పొడి) లేదా డబ్ల్యూ.డీ.జీ. (నీటిలో కలిపే సన్న గుళికలు) అని ప్యాకెట్ మీద ఉండాలి, బిల్లులో కూడా అలాగే రాయించుకోండి.

పల్నాడు మిరప

నాకు అర్థమైనది రాస్తాను, తప్పుంటే సరిదిద్దండి. బూడిద ముదిరిన మడుల్లో ముందు అంతర్వాహిక మందు. తెగులు ఇంకా చేరని మడుల్లోనూ, నల్లి ఉన్న గట్టు వెంబడీ గంధకం. వేపనూనె ఇప్పుడు వద్దు. నల్ల తామర పురుగుకు విడిగా చూడాలి. ఒక సందేహం మిగిలింది: కాయ ఎరుపెక్కుతున్నప్పుడు గంధకం కొడితే కాయ మీద పొడి మిగిలి కల్లంలో ధర తగ్గుతుందా? ఎగుమతి వ్యాపారులు ఈ మధ్య కాయలో మిగిలే మందుల అవశేషాల గురించి చాలా అడుగుతున్నారు.

విశ్రాంత వ్యవసాయాధికారి

మీ క్రమం సరిగ్గా ఉంది. ఒక్క మార్పు చెబుతాను. నల్లి ఉన్న మొక్కలు చెదురుమదురుగా కాక గుంపుగా ఉంటే, గంధకం మీద మాత్రమే ఆధారపడకుండా స్పైరోమెసిఫెన్ వంటి నల్లి మందును ఒకసారి కొట్టి, తరువాత గంధకంతో కాపాడుకోండి. గుడ్ల మీద గంధకానికి బలం లేదని మొదటే రాశాను.

అవశేషాల పరంగా గంధకం ఇబ్బంది పెట్టే మందు కాదు. అమెరికాలో దానికి పంటలపై అవశేష పరిమితి నుంచే మినహాయింపు ఉంది. ఎగుమతి సరుకు తిరస్కరణకు గురయ్యేది సాధారణంగా ఇతర పురుగుమందుల వల్ల. కానీ కాయ మీద తెల్లటి మరక కంటికి కనిపిస్తే వ్యాపారి ధర తగ్గించడానికి అదొక సాకు అవుతుంది. కాబట్టి పండిన కాయ కోసేసి, ఆ వెంటనే పిచికారీ చేయండి. తరువాతి కోతకు లేబుల్ మీద రాసిన వ్యవధి ఎలాగూ గడుస్తుంది.

ఫ్రెస్నో నుంచి

మరకల గురించి ఒక చిన్న సూచన. పొడిని నేరుగా ట్యాంకులో పోయకుండా బక్కెట్‌లో కొద్ది నీటితో ముద్దగా కలిపి, పలుచన చేసి, వడకట్టి పోయండి. రేణువులు నీటిలో తేలుతూ ఉంటాయే తప్ప కరగవు కనుక కొడుతున్నంతసేపూ ట్యాంకును కదుపుతూ ఉండాలి. లేకపోతే అడుగుకు దిగిన చిక్కటి ద్రావణం చివరి సాళ్ల మీద పడి, మొదటి సాళ్లకు నీళ్లే మిగులుతాయి.

పల్నాడు మిరప

రేపు ఉదయం కోత మొదలుపెడుతున్నాము. కోత అయిన మడుల్లో ఎండ తగ్గిన సాయంత్రం వేళ పిచికారీ చేయిస్తాను. వాతావరణ సూచనలో ఈ వారం పగటి ఉష్ణోగ్రత 31 దాటేలా లేదు. వేపనూనె సీసా దుకాణంలో తిరిగి తీసుకుంటారో లేదో అడగాలి. రెండు వారాల తరువాత చిగుళ్ల ఫొటోలు ఇక్కడే పెడతాను.